బొమ్మలో ఉన్నావిడ పేరేమిటి?

"ఫొటోలూ వీడియోలూ తీసి బతకొచ్చా ఆంటీ?" అని బందరులో మా పక్కింటమ్మాయి అడిగింది. బతకొచ్చు. ఎలా తీస్తావన్నదే ప్రశ్న.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. వేలమంది పోయారు. ఆనాటి ఫొటోలు పాత పేపర్లలో చూశాను. కూలిన గుడిసెలు, పశువుల కళేబరాలు, గుండెలు బాదుకునే తల్లి. లోకాన్ని కదిలించాయి, కాదనను. కాని నేను చూసిన వాటి కింద ఆ తల్లి పేరు లేదు. ఆమె ఏడుపే మనకు మిగిలింది.

వాటి పక్కన మస్తానమ్మగారి వంట వీడియోలు పెట్టి చూడండి. ఆవిడది మన గుడివాడ కాదు, తెనాలి దగ్గరి గుడివాడ. 'కంట్రీ ఫుడ్స్' ఛానల్‌వాళ్ళు ఆవిడ నూరేళ్ళ వయసును వింతగా చూపి జనాన్ని పిలిచారు, నిజమే. అయితే, పుచ్చకాయలో కోడికూర వండే ఆ చేతుల పనితనాన్ని కెమెరా ఓపిగ్గా చూసింది. 2018లో ఆవిడ పోతే, ఎన్నడూ కలవనివాళ్ళు సైతం పేరుపెట్టి తలుచుకున్నారు.

హంసలదీవికి ఫోను పట్టుకెళ్ళే అమ్మాయీ! వల బాగుచేసుకునే ఆవిడను తీసేముందు పేరడుగు. తీశాక ఆవిడకే ముందు చూపించు. ఊరికి చూపించడం ఆ తర్వాత.