ప్రశ్న, పట్టిక: వైద్యంలో పొరపాట్ల గురించి రెండు పుస్తకాలు

జెరోమ్ గ్రూప్‌మన్ రాసిన ‘హౌ డాక్టర్స్ థింక్’ 2007లో వచ్చింది. అతుల్ గవాండే రాసిన ‘ది చెక్‌లిస్ట్ మానిఫెస్టో’ 2009 చివర్లో వచ్చింది. ఇద్దరూ హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన డాక్టర్లే, ఇద్దరూ ‘న్యూయార్కర్’ పత్రికకు రాసినవాళ్ళే. ఇద్దరూ పనిచేసిన ఆసుపత్రులు బోస్టన్‌లో ఒకే పేటలో ఇరుగుపొరుగున ఉంటాయి. వైద్యుల పొరపాట్ల వల్ల ప్రాణాలు పోతున్నాయన్న సంగతిని ఇద్దరూ దాచలేదు, సొంత పొరపాట్లతో సహా రాశారు. ఆ పొరపాటు ఎక్కడ పుడుతుందన్న దగ్గరే ఇద్దరి దారులూ చీలిపోయాయి. డాక్టరు ఆలోచనలో పుడుతుందంటారు గ్రూప్‌మన్, అందుకని రోగి నోరు తెరిచి అడగాలంటారు. తెలిసిన పనినే తొందరలో వదిలెయ్యడంలో పుడుతుందంటారు గవాండే, అందుకని పనిచేసేవాళ్ళ ముందు ఒక పట్టిక ఉండాలంటారు.

చదివించే గుణంలో గ్రూప్‌మన్‌దే పైచెయ్యి. ఆయన పుస్తకం ఆన్ డాజ్ అనే పేరు పెట్టిన ఒక రోగి కథతో మొదలవుతుంది. ఇరవయ్యేళ్ళ వయసు నుంచి ఆమెకు తిన్నది ఇమడదు. పదిహేనేళ్ళలో దాదాపు ముప్ఫై మంది డాక్టర్లను చూసింది. ఆకలిని చంపుకునే మానసిక రుగ్మత అని మొదట్లో ఎవరో తేల్చారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ ఆమె కంటే ముందు ఆమె ఫైలును చదివారు. బరువు పెరగాలంటే రోజుకు మూడు వేల క్యాలరీలు తినాలని, పాస్తా, గోధుమ పదార్థాలు బాగా తినమని చెప్పారు. ఆమె తిన్నది. తిన్నకొద్దీ చిక్కిపోయి 82 పౌండ్లకు, అంటే మన లెక్కలో 37 కిలోలకు దిగింది. 2004 చివర్లో మైరన్ ఫాల్‌చుక్ అనే జీర్ణకోశ నిపుణుడి దగ్గరికి వెళ్తే, ఆయన ఫైలును పక్కకు జరిపి, మొదటి నుంచి మీ నోటితో చెప్పండి అన్నాడు. విన్నాక పరీక్షలు చేయించాడు. సీలియాక్ వ్యాధి అని తేలింది. గోధుమలో ఉండే గ్లుటెన్ ఆమె పేగులను దెబ్బతీస్తోంది. అన్నేళ్ళుగా బలానికని తినమన్న తిండే ఆమెను చంపుతోంది.

ఈ కథలో ఒక్క డాక్టరూ మూర్ఖుడు కాడు, సోమరీ కాడు. మొదట తట్టిన పేరుకు మనసు కట్టుబడిపోవడం, ఆ వారం ఎక్కువగా చూసిన జబ్బే ఎదురుగా ఉన్నవాళ్ళలోనూ కనిపించడం, రోగి తీరు నచ్చక కారణాన్ని ఆ తీరు మీదికి నెట్టెయ్యడం: ఇలాంటి తప్పటడుగులను గ్రూప్‌మన్ ఒక్కొక్కటిగా పట్టి చూపిస్తారు. ఆరిజోనాలోని ట్యూబా సిటీలో ఒక డాక్టరు కొన్ని వారాలుగా న్యుమోనియా కేసులే చూస్తున్నాడు. ఆయాసంతో వచ్చిన ఒక నవాహో స్త్రీకి కూడా అదే అనుకున్నాడు. నిజానికి ఆమె ఒంట్లో యాస్పిరిన్ మోతాదు మించిపోయింది. యాస్పిరిన్ వేసుకున్నానని ఆమె చెప్పింది కూడా. ఆ మాట ఆయన చెవిన పడింది, ఆలోచనలోకి మాత్రం వెళ్ళలేదు.

అందుకే రోగి అడగవలసిన ప్రశ్నలను ఆయన మన చేతికి ఇస్తారు. ఇది ఇంకేదైనా అయ్యే వీలుందా? మీరు అనుకుంటున్న జబ్బుకు సరిపోని లక్షణం ఏదైనా కనిపిస్తోందా? ఒకటి కాక రెండు జబ్బులు కలిసి ఉండొచ్చా? మర్యాద దాటకుండానే డాక్టరు ఆలోచనను ఒక్క క్షణం ఆపగల ప్రశ్నలు ఇవి. ‘ఇంకేదైనా అయ్యే వీలుందా సార్’ అన్న ఒక్క ప్రశ్న నేర్చుకున్నా ఈ పుస్తకానికి పెట్టిన డబ్బు వృథా కాదు.

గవాండే పుస్తకంలో గుర్తుండే రోగులు తక్కువ, అంకెలు ఎక్కువ. మెడ దగ్గరో ఛాతీ దగ్గరో పెద్ద రక్తనాళంలోకి వేసే సెంట్రల్ లైన్ ద్వారా సూక్ష్మక్రిములు చేరి ఐ.సి.యు. రోగులు చనిపోతుంటారు. 2001లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టరు ఒక కాగితం మీద ఐదు పనులు రాశాడు: చేతులు సబ్బుతో కడుక్కోవాలి, రోగి చర్మాన్ని క్రిమిసంహారక ద్రవంతో తుడవాలి, రోగిని నిలువెల్లా శుభ్రమైన గుడ్డతో కప్పాలి, మాస్కు, టోపీ, గౌను, గ్లవ్స్ వేసుకోవాలి, లైన్ వేశాక ఆ చోట శుభ్రమైన కట్టు కట్టాలి. వీటిలో వైద్యవిద్యార్థికి తెలియనిది ఒక్కటీ లేదు. అయినా నెల రోజులు నర్సుల చేత గమనింపజేస్తే, మూడోవంతు కంటే ఎక్కువమంది రోగుల విషయంలో డాక్టర్లు కనీసం ఒక మెట్టు దాటేస్తున్నట్టు తేలింది. ఆ తర్వాత ఏడాది పాటు ఈ పట్టికను అమలు చేస్తే, పది రోజుల్లో లైన్‌కు ఇన్‌ఫెక్షన్ సోకే రేటు 11 శాతం నుంచి సున్నాకు వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలోని ఐ.సి.యు.లు ఇదే పద్ధతి పట్టుకుంటే మూడు నెలల్లో ఈ ఇన్‌ఫెక్షన్లు 66 శాతం తగ్గాయి.

శస్త్రచికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున గవాండే బృందం తయారుచేసిన 19 అంశాల పట్టికను ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించారు. వాటిలో ఢిల్లీ ఆసుపత్రి ఒకటి ఉంది, టాంజానియాలోని ఒక పల్లె ఆసుపత్రి కూడా ఉంది. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, పెద్ద చిక్కులు 11 శాతం నుంచి 7కి తగ్గాయని 2009 జనవరిలో ప్రకటించారు.

ఇప్పుడు ఒక పుస్తకంలోని రోగిని రెండో పుస్తకంలో పడుకోబెట్టి చూడాలి. ఆన్ డాజ్ గవాండే ఆసుపత్రికి వెళ్ళి ఉంటే? ఐదు మెట్లూ, పంతొమ్మిది అంశాలూ తప్పకుండా పాటించేవారు, ఆమె గోధుమ తింటూనే ఉండేది. పని ఎంత శుభ్రంగా చేసినా, చేస్తున్నది సరైన పనేనా అని ఆ పట్టిక అడగదు. మరి సెంట్రల్ లైన్ వేయించుకుంటున్న రోగి గ్రూప్‌మన్ పుస్తకం చదివి ఉంటే? మత్తులో, నోట్లో గొట్టంతో ఉన్న మనిషి ఏం అడుగుతాడు? డాక్టరు చేతులు కడుక్కున్నాడో లేదో ఎలా చూస్తాడు? శస్త్రచికిత్స పట్టికలో రోగి నోటికి పని ఉన్నది మొదట్లోనే: మత్తు ఇవ్వక ముందు తన పేరు, చేయబోయే ఆపరేషను, శరీరంలో చోటు తానే చెప్పాలి. ఆపైన అంతా ఇతరుల చేతిలోనే.

అందుకే రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమంటే నేను గవాండే వైపే మొగ్గుతాను. గ్రూప్‌మన్ రోగికి తీరిక ఉంది, చదువు ఉంది, ముప్ఫయ్యో డాక్టరు దాకా వెళ్ళగల స్తోమత ఉంది. ఆయన సొంత కొడుకు తొమ్మిది నెలల వయసులో పేగు మూసుకుపోయి ఏడుస్తుంటే, కనెక్టికట్‌లో ఒక పిల్లల డాక్టరు తల్లిది అతిభయమని తోసిపుచ్చాడు. తల్లిదండ్రులు బోస్టన్‌కు పరుగెత్తి ఆపరేషను చేయించి బిడ్డను దక్కించుకున్నారు. ఆ తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు. డాక్టర్లు కాని తల్లిదండ్రులు అతిభయం అన్న మాట విని ఇంటికి వెళ్ళిపోయేవారు. ఈ తేడాను ఆయన తగినంత పట్టించుకోలేదన్నది ఆ పుస్తకం మీద నా ప్రధానమైన అభ్యంతరం.

మన ఓపీల్లో ఆ తేడా మరీ పెద్దది. పొద్దున్నే చీటీ రాయించుకుని మధ్యాహ్నం దాకా కూచున్న మనిషికి డాక్టరు ముందు దొరికేది రెండు మూడు నిమిషాలు. కేస్ షీటు ఇంగ్లీషులో ఉంటుంది. కాలేజీకి వెళ్ళే పిల్ల ఇంట్లో ఉంటే ‘నువ్వు మాట్లాడవే’ అని ముందుకు తోస్తారు. అడిగితే సారుకు కోపం వస్తుందేమో, రేపు సరిగ్గా చూడరేమో అన్న భయం పక్కనే ఉంటుంది. పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు సంచిలో వేసుకుని వెళ్ళడం దాకా మనవాళ్ళు జాగ్రత్తపరులే. వాటిని బల్ల మీద పెట్టి ‘వీటితో కలిపి వేసుకోవచ్చా’ అని అడిగేవాళ్ళు తక్కువ.

అడగగలిగినవాళ్ళకు మాత్రం ఏం జరిగింది? 2002 జూలైలో హైదరాబాద్‌లో ఒక ఇల్లాలికి చలితో విడిచి విడిచి జ్వరం వస్తుంటే భర్త ఆసుపత్రిలో చేర్చాడు. ఆయన మలేరియా విభాగంలోనే అధికారి. టైఫాయిడ్ అనుకుని వైద్యం చేశారు. నాలుగు రోజులకు ప్రాణం మీదికి వచ్చిన స్థితిలో ఇంకో ఆసుపత్రికి తరలిస్తే అక్కడ మలేరియా అని బయటపడింది, ఆమె దక్కలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం ఇచ్చిన రెండు లక్షల పరిహారాన్ని పై కమిషన్ కొట్టేస్తే, 2010 మార్చిలో సుప్రీం కోర్టు నిలబెట్టింది. నిర్లక్ష్యం కళ్ళకు కట్టినట్టు ఉన్న ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని కూడా చెప్పింది. చలిజ్వరం అంటే ఏమిటో ఉద్యోగరీత్యా తెలిసిన మనిషి మంచం పక్కనే ఉన్నా ఆమె బతకలేదు. ఇది గ్రూప్‌మన్ అధ్యాయంలో ఇమిడే కేసు, ఒక పేరుకు కట్టుబడిపోయిన ఆలోచన. అయినా దీన్ని ఆపడానికి ఒక పట్టికే చాలేది: చలితో జ్వరం వస్తే మలేరియాకు రక్తపరీక్ష చేయించు, జవాబు చూడకుండా ముందుకు వెళ్ళకు. ఆలోచనలో పుట్టే పొరపాటుకు పట్టిక పనికిరాదన్న గీత ఇక్కడ చెరిగిపోతుంది.

అయితే గవాండేను పొగిడేవాళ్ళు దాటేసే విషయం ఒకటుంది. హాప్‌కిన్స్‌లో కాగితంతో పాటు ఇంకొకటి కూడా మారింది. మెట్టు తప్పిన డాక్టరును ఆపే అధికారం నర్సుకు ఉందని, వెనక తాము నిలబడతామని యాజమాన్యం ప్రకటించింది. నా దృష్టిలో మందు అదే, కాగితం దాన్ని పోసిన సీసా. కెనడాలోని ఒంటారియోలో శస్త్రచికిత్స పట్టికను ఎంతమేరకు పాటిస్తున్నారో ఆసుపత్రులు వెల్లడించాలని ప్రభుత్వం తప్పనిసరి చేశాక 101 ఆసుపత్రులను పరిశీలిస్తే, మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదని 2014లో తేలింది. అక్కడ కాగితం చేరింది. ఆపే ధైర్యం కూడా చేరిందా అన్నది టిక్కుల లెక్కల్లో కనిపించదు. గవాండే సొంత అనుభవం కూడా ఇదే చెబుతుంది. ఒక ఆపరేషనులో ఆయన చేతిలో పెద్ద సిర చిరిగి రక్తం వరదయింది. పట్టిక చదివేటప్పుడే ఒక నర్సు రక్తం సిద్ధంగా లేదని గమనించి తెప్పించి ఉంచడం వల్ల ఆ రోగి బతికాడు.

అదే 2001లో, అదే జాన్స్ హాప్‌కిన్స్‌లో జోసీ కింగ్ అనే పద్దెనిమిది నెలల పాప కాలిన గాయాలతో చేరి కోలుకుంటోంది. పాప దాహంతో తడిగుడ్డను చప్పరిస్తోందని తల్లి సోరెల్ కింగ్ కనిపెట్టి నర్సులకు చెప్పింది. అంతా బాగానే ఉందన్నారు. మత్తు కలిగించే నొప్పిమందులు ఇక వద్దని డాక్టర్లు నోటిమాటగా ఒప్పుకున్నాక కూడా మెథడోన్ ఇచ్చారు. తల్లి అడ్డు చెప్పింది, ఆదేశం మారిందన్నారు. పాప గుండె ఆగింది, ఫిబ్రవరి 22న చనిపోయింది. గ్రూప్‌మన్ కోరే జాగ్రత్త అంతా ఆ తల్లిలో ఉంది. చూసింది, అడిగింది, అడ్డుకుంది. అదే ఏడాది అక్కడి ఐ.సి.యు. నర్సుకు దొరికిన అధికారం మాత్రం ఆమెకు లేదు.

ఆసుపత్రి ఇచ్చిన పరిహారంలో కొంత ఆ కుటుంబం అదే ఆసుపత్రికి, రోగుల భద్రత కోసం తిరిగి ఇచ్చింది. జోసీ కథ విన్న పిట్స్‌బర్గ్‌లోని షేడీసైడ్ ఆసుపత్రి 2005లో ఒక ఏర్పాటు చేసింది: ఏదో తేడాగా ఉంది, ఎవరూ వినడం లేదు అనిపిస్తే రోగిగానీ ఇంటివాళ్ళుగానీ ఫోను చేసి అత్యవసర బృందాన్ని నేరుగా మంచం దగ్గరికి పిలవచ్చు. వార్డు డాక్టరు అనుమతి అక్కర్లేదు. ఇక్కడ ప్రశ్న రోగిదే, జవాబు చెప్పే బాధ్యత మాత్రం ఆసుపత్రిది. గ్రూప్‌మన్, గవాండే చెరో సగం చెప్పి వదిలేసిన చోటు ఇది. 2009లోనే సోరెల్ కింగ్ ‘జోసీస్ స్టోరీ’ అనే పుస్తకం రాసింది. ఆమె డాక్టరు కాదు, శైలిలో ఆ ఇద్దరికీ సాటి రాదు. అయినా తెలుగులోకి ముందు రావలసినది ఆమె పుస్తకమే.