అతుకు కనిపించని పని

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీకి రోడ్డు మీద వచ్చేవాళ్లకు కేసినోల కంటే ముందు అయిదు తెల్లటి గాలిమరలు కనిపిస్తాయి. ఊరి వాకిట్లో, ఉప్పునీటి చిత్తడి నేలలో, ఒక్కొక్కటి దాదాపు 380 అడుగుల ఎత్తున నిలబడి ఉంటాయి. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లి, ఓ శనివారం సముద్రపొడ్డుకు బయల్దేరిన తెలుగు అమ్మానాన్నల్లో చాలామంది వీటిని కారులోంచి చూసే ఉంటారు. మోనోపలీ ఆట అమెరికా అట్టమీద ఉన్న వీధుల పేర్లు దాదాపు అన్నీ ఈ ఊరివే. కేసినోలు, చెక్కల నడకదారి, ఆ ఆట, ఇంతవరకే ఈ ఊరి పేరు పాకింది. ఆ మరలు తిరిగేది మాత్రం కేసినో దీపాల కోసం కాదు. వాటి పాదాల దగ్గర ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రం కోసం.

అట్లాంటిక్ కౌంటీ యుటిలిటీస్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ దీన్ని నడుపుతుంది. 14 ఊళ్ల మురుగు ఇక్కడికి చేరుతుంది. రోజుకు 4 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 15 కోట్ల లీటర్లు శుద్ధి చేసే సామర్థ్యం ఉంది. హైదరాబాద్ అంబర్‌పేటలోని రోజుకు 33.9 కోట్ల లీటర్ల కేంద్రంతో పోలిస్తే ఇది సగం కూడా కాదు. గొప్ప పరిమాణం వల్ల దీని గురించి రాయడం లేదు. గాలి, ఎండ, బ్యాటరీ అనే మూడింటినీ ప్రభుత్వ డబ్బుతో, ప్రైవేటు డబ్బుతో కలిపి ఒక మామూలు మురుగు కేంద్రానికి అమర్చిన తీరు వల్ల రాస్తున్నాను. మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దిగేలా బిగించే వడ్రంగి పనితనం అందులో ఉంది. ఏ చెక్క ఎంత లోతు దిగాలో ముందే కొలుచుకున్నవాడి పని అది.

ముందు కేంద్రం ఆకలి సంగతి చూడాలి. మురుగును శుభ్రం చేసేది నిజానికి సూక్ష్మజీవులు. తొట్లలో ఉండి మురికిని తినే ఆ జీవులకు నిరంతరం ప్రాణవాయువు అందాలి. అందుకే పెద్ద పెద్ద తొట్ల నీటిలోకి పగలూ రాత్రీ గాలి కలుపుతూనే ఉండాలి. ఇలాంటి కేంద్రాల్లో వాడే కరెంటులో దాదాపు సగం ఈ ఒక్క పనికే పోతుంది. మిగతాది పంపులకు, బురద పనికి. రాత్రి రెండింటికి ఊరు నిద్రపోయినా ఆ జీవులు నిద్రపోవు. గాలి గంటల తరబడి ఆగితే అవి చచ్చిపోతాయి, మళ్లీ పెంచుకోవడానికి రోజులు, వారాలు పడుతుంది. ఫ్యాక్టరీకి సెలవు ఇవ్వొచ్చు, మురుగుకు ఇవ్వలేం. ఈ కేంద్రానికి ఎప్పుడూ సుమారు రెండున్నర మెగావాట్ల కరెంటు కావాలి.

ఇప్పుడు మొదటి కొలత చూడండి. అయిదు గాలిమరలు, ఒక్కొక్కటి ఒకటిన్నర మెగావాట్లు, మొత్తం ఏడున్నర. అవసరానికి మూడింతలు. దుబారా అనిపిస్తుంది. కానీ గాలిమర ఏడాది పొడవునా తన పూర్తి శక్తితో తిరగదు. మంచి తీరంలో కూడా సగటున మూడో వంతుకు కాస్త అటూ ఇటూ ఇస్తుంది. ఏడున్నరలో మూడో వంతు రెండున్నర. ఏడాది లెక్కన చూస్తే మరల సగటు ఉత్పత్తి, కేంద్రం సగటు వాడకం పక్కపక్కన నిలుస్తాయి. గాలి బాగా వీచిన రోజు మిగులు గ్రిడ్‌కు పోతుంది, గాలి పడిపోయిన రోజు గ్రిడ్ నుంచి వస్తుంది. కేంద్రానికి కావలసిన కరెంటులో సగానికి పైగా ఇవే తెచ్చిపెడుతూ వచ్చాయి.

ఈ మరలు 2005 చివర్లో మొదలయ్యాయి. న్యూజెర్సీలో అదే మొదటి పవన విద్యుత్ కేంద్రం. వాటిని కట్టింది, సొంతం చేసుకున్నది ప్రైవేటు కంపెనీ. యుటిలిటీస్ అథారిటీ చేసింది రెండు పనులు: చోటు ఇచ్చింది, 20 ఏళ్లపాటు యూనిట్‌కు దాదాపు 8 సెంట్ల స్థిరమైన ధరకు కరెంటు కొంటానని సంతకం పెట్టింది. గ్యాస్ ధర ఎటు ఊగినా, ఈ కరెంటు వరకు మురుగు బిల్లు కట్టే ఇంటావిడకు ఆ ఊపు తగలలేదు. ఒప్పందాలను కూడా పనితనంగా చూడాలని నేననేది ఇందుకే. మరల కింద రాలిపడిన పక్షులను లెక్కపెట్టే అధ్యయనాన్ని న్యూజెర్సీ ఆడుబాన్ సొసైటీ చేసింది. చిత్తడి నేల మీద వలస పక్షులు ఎక్కువ తిరిగే చోట మరలు పెట్టి, తర్వాత ఏం జరిగిందో బయటి పక్షి నిపుణుల చేతే చూపించుకోవడం పనిమీద గౌరవమున్నవాళ్ల పద్ధతి.

సోలార్ సంగతి చిన్నదే, అయినా ముచ్చటైనది. మొత్తం 500 కిలోవాట్లు. కేంద్రం కరెంటులో అది నూటికి మూడు వంతులో, కాస్త ఎక్కువో. ఫలకాలన్నీ ఒకచోట లేవు. కొన్ని నేల మీద, కొన్ని కప్పుల మీద, కొన్ని కార్లకు నీడగా వేసిన పందిరి మీద. మురుగు కేంద్రంలో ఖాళీ జాగా ఉన్నట్టే ఉంటుంది కానీ, అది రేపటి తొట్టికి కావలసిన జాగా. తొట్ల దారికి అడ్డం రాకుండా, మిగిలిన మూలలనే వెతికి పరిచారు. ఖర్చు 32.5 లక్షల డాలర్లు. అందులో 19 లక్షలు రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ బోర్డు రిబేటుగా ఇచ్చింది. మొత్తం ఖర్చు వాట్‌కు ఆరున్నర డాలర్లన్నమాట. ఈనాటి ధరలతో చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ ఆ రోజుల్లో ఎవరో ఒకరు ఆ ధర కట్టకపోతే, బిగించడం నేర్చిన మేస్త్రీలు, ఇన్‌స్పెక్టర్లు, ఇంజనీర్లు ఆ రాష్ట్రంలో తయారయ్యేవారు కారు. ఎండ తక్కువైన న్యూజెర్సీ కొన్నేళ్లకే దేశంలో సోలార్‌కు ముందు వరుస రాష్ట్రాల్లో ఒకటి అయింది. ఆ రిబేటులో నేను చూసేది ఈ కేంద్రానికి మిగిలిన యూనిట్లను కాదు, ఆ నేర్పును.

తర్వాత 2012 అక్టోబర్ 29. శాండీ తుపాను తీరం తాకింది అట్లాంటిక్ సిటీని ఆనుకుని ఉన్న బ్రిగంటీన్ దగ్గరే. గాలి హద్దు దాటినప్పుడు మరలు తమంతట తాము ఆగిపోయాయి, గాలి తగ్గాక మళ్లీ తిరిగాయి. దెబ్బ తినలేదు. మిగతా రాష్ట్రం మాత్రం దెబ్బ తింది. ఉత్తరాన నెవార్క్‌లో పసాయిక్ వ్యాలీ కేంద్రం మునిగి, కరెంటు పోయి, 84 కోట్ల గ్యాలన్ల పచ్చి మురుగు నీళ్లలో కలిసింది. తుపాను దెబ్బ తిన్న తీర రాష్ట్రాలన్నీ కలిపి 1,100 కోట్ల గ్యాలన్ల మురుగు, శుద్ధి కానిదీ సగం శుద్ధి అయినదీ, నదుల్లోకి, అఖాతాల్లోకి పోయిందని క్లైమేట్ సెంట్రల్ సంస్థ లెక్క కట్టింది. ఆ అనుభవంతో రాష్ట్రం 2014లో ఎనర్జీ రెసిలియెన్స్ బ్యాంకు పెట్టింది. కేంద్ర ప్రభుత్వ విపత్తు నిధుల నుంచి 20 కోట్ల డాలర్లు దానికి కేటాయించింది. ఆ బ్యాంకు మొదట చూసిన వాటిలో నీటి, మురుగునీటి కేంద్రాలు ఉన్నాయి. మరోపక్క పబ్లిక్ యుటిలిటీస్ బోర్డు బ్యాటరీలకు ప్రోత్సాహకం ప్రకటించింది. దానికి ఒక షరతు పెట్టింది: అప్పటికే ఎండ లేదా గాలి కరెంటు సొంతంగా ఉన్న చోటే బ్యాటరీ చేరాలి. 2015లో 13 ప్రాజెక్టులకు మొత్తం 30 లక్షల డాలర్ల దాకా మంజూరైంది. అట్లాంటిక్ సిటీ కేంద్రానికి అందులో 3 లక్షలు.

ఆ డబ్బు తోడుగా వచ్చిన బ్యాటరీ ఒక మెగావాట్‌ది. విరిడిటీ ఎనర్జీ అనే కంపెనీ దాన్ని పెట్టింది, నడిపింది. చూడ్డానికి ఓడల్లో సరుకు మోసే కంటెయినర్ లాంటి పెట్టె. గాలిమరల పక్కన దానివైపు ఎవరి చూపూ పోదు. నన్నడిగితే ఆ ఆవరణ మొత్తంలో అన్నింటికన్నా సున్నితమైన పని చేసేది అదే.

ఆ పని ఏమిటో చెప్పాలి. అమెరికా గ్రిడ్ కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగి వస్తుంది (60 హెర్ట్జ్), మనది 50 సార్లు. ఎక్కడో ఒక విద్యుత్ కేంద్రం ఆగితే ఆ సంఖ్య కొద్దిగా పడిపోతుంది, వాడకం హఠాత్తుగా తగ్గితే పెరుగుతుంది. తేడా ముదిరితే యంత్రాలు వరుసగా విడిపోతాయి. 13 రాష్ట్రాలకూ వాషింగ్టన్ నగరానికీ గ్రిడ్ నడిపే పీజేఎం సంస్థ, ఈ తేడాను సర్దడానికి ప్రతి రెండు సెకన్లకూ ఒక సంకేతం పంపుతుంది: ఇంత ఇవ్వు, ఇంత తీసుకో. పాత ఆవిరి కేంద్రాలు ఆ పిలుపు అందుకుని మెల్లగా కదులుతాయి. బ్యాటరీ సెకను తిరక్కుండానే కదులుతుంది. 2011లో ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ 755వ ఆర్డర్ ఇచ్చేదాకా వేగంగా కదిలినవాడికీ నెమ్మదిగా కదిలినవాడికీ కూలి ఒకటే. ఆ ఆర్డరుతో, ఎంత కదిలారు, ఎంత కచ్చితంగా కదిలారు అన్నదాన్ని బట్టి చెల్లింపు మొదలైంది. మరుసటి ఏడు పీజేఎం వేగంగా కదిలేవాటి కోసం వేరే సంకేతమే తయారుచేసింది. కట్టడం లేదు, పొగ లేదు. కొలిచే తీరును మార్చారు, అంతే. దాంతో బ్యాటరీకి బతికే దారి దొరికింది. ఒక మురుగు కేంద్రం ఆవరణలోని పెట్టె షికాగో దాకా పరచుకున్న గ్రిడ్‌ను నిలకడగా ఉంచడంలో భాగమై, అందుకు డబ్బు సంపాదించింది. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు సంతోషం కలుగుతుంది.

పీజేఎంలో బ్యాటరీకి ఇంకో పని కూడా ఉంది. గ్రిడ్ మొత్తం వాడకం శిఖరానికి చేరిన అయిదు వేసవి రోజుల్లో, ఆ ఒక్కొక్క గంటలో మీరు ఎంత వాడారన్నదాన్ని బట్టి మరుసటి ఏడాదికి మీ కెపాసిటీ చార్జీ తేలుతుంది. ఆ గంటలు ఏవో ముందుగా ఎవరూ చెప్పరు, ఊహించాలి. బ్యాటరీ ఉన్నవాళ్లు ఎండలు మండే సాయంత్రం వాతావరణ సూచన చూసుకుని, ఆ గంట గ్రిడ్ వైపు చెయ్యి చాపకుండా గడుపుతారు. గాలి కలపడం ఆపలేని కేంద్రానికి ఇలా తప్పించుకోగల మార్గం ఇది తప్ప పెద్దగా లేదు.

ఈ బ్యాటరీ చేయలేని పని కూడా చెప్పకపోతే మెచ్చుకోలు అబద్ధమవుతుంది. శాండీ లాంటిది మళ్లీ వస్తే, ఒక మెగావాట్ పెట్టె రెండున్నర మెగావాట్ల కేంద్రాన్ని రోజుల తరబడి నడపలేదు. ఇంకా లోతైన చిక్కు ఉంది. గ్రిడ్ పోగానే మామూలు సోలార్ ఇన్వర్టర్లు, గాలిమరలు కూడా ఆగిపోవాలని నియమం. లేకపోతే తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. ఎండ నెత్తిన కాస్తున్నా ఫలకాలు పనికిరావు. కేంద్రం ఒంటరిగా నిలబడాలంటే 60 హెర్ట్జ్‌ను తానే సృష్టించగల ఇన్వర్టర్, గ్రిడ్ నుంచి విడదీసే స్విచ్చి, ఏ మోటారు ఆపాలో ఏది ఆపకూడదో చెప్పే కంట్రోలు కావాలి. ఖర్చంతా అక్కడే ఉంటుంది. తుపానుల కోసం ఇచ్చే ప్రభుత్వ డబ్బు పోవలసింది ఫలకాలకన్నా ముందు ఈ స్విచ్చికి అని నా గట్టి అభిప్రాయం.

డబ్బు అమరికలో ఒక మెలిక ఉంది. అమెరికాలో సోలార్‌కూ గాలికీ కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం చాలాకాలం పన్ను మినహాయింపు రూపంలోనే ఉంది. ప్రభుత్వ మురుగు సంస్థ ఆదాయపన్నే కట్టదు, కాబట్టి మినహాయింపు దానికి అక్కరకు రాదు. ప్రైవేటు కంపెనీ సొంతదారుగా ఉండడం, సంస్థ కరెంటు కొనుక్కోవడం అనే దారి అందువల్లే పుట్టింది. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం ఆ అడ్డు తీసేసింది. పన్ను కట్టని నగరపాలక సంస్థలకూ ఆ మొత్తాన్ని నగదుగానే ఇవ్వడం మొదలైంది. బ్యాటరీకి సోలార్ తోడు లేకపోయినా సాయం దక్కేలా చేసింది. 2025లో వచ్చిన కొత్త చట్టం సోలార్‌కూ గాలికీ గడువు బిగించింది. 2026 జులై 4లోగా పని మొదలుపెట్టనివి 2027 చివరికి పూర్తి కావాలి. బ్యాటరీలకు మాత్రం గడువు ఎక్కువే ఉంచింది.

ప్రైవేటు కంపెనీ సొంతదారుగా ఉండడంలో ఇంకో మేలు ఉంది. 2017 జనవరిలో పీజేఎం తన వేగపు సంకేతాన్ని మార్చింది. అంతకుముందు పావుగంటలో ఇచ్చినదీ తీసుకున్నదీ ఇంచుమించు సమమయ్యేది. కొత్త పద్ధతిలో బ్యాటరీని ఒకే దిక్కుకు ఎక్కువసేపు లాగడం మొదలైంది. గ్రిడ్ అంతటా బ్యాటరీల యజమానుల రాబడి తగ్గింది, బ్యాటరీలు ముందే అరగసాగాయి, ఫిర్యాదు ఫెడరల్ కమిషన్ దాకా వెళ్లింది. అట్లాంటిక్ సిటీలో ఆ పెట్టె సొంతదారు విరిడిటీ కంపెనీ. సంతలో ధర పడిపోతే నష్టం దాని ఖాతాలోకి వెళ్తుంది, 14 ఊళ్ల మురుగు బిల్లులోకి రాదు. ఈ బ్యాటరీకి ప్రజల డబ్బు నుంచి పోయినది 3 లక్షల డాలర్లు మాత్రమే, అదీ ముందే కట్టిన హద్దు. సంతకాలు పెట్టినవాళ్లు ఆ హద్దు గీసే వాక్యాన్ని ఒప్పందంలో ఎక్కడ ఉంచాలో తెలిసినవాళ్లు.