కంప మీది గూళ్లు

కల్వకుర్తి నుంచి దేవరకొండ దిక్కు పోతుంటే చెలకల గెట్ల మీద తుమ్మకో రేగు కంపకో బూడిదరంగు ముద్దలు వేలాడుతూ కనిపిస్తాయి. ఒకసారి గొర్లు కాసే తాత నన్ను ఆపి, "ఆ బూజుల ఏం జూస్తున్నవ్ సారూ?" అన్నాడు. "బూజు గాదు తాతా, ఒక ఊరు" అన్నాను. ఆయన కర్రతో కొమ్మను మెల్లగా తట్టాడు. లోపలి నుంచి పది పన్నెండు సాలెపురుగులు ఒక్కసారిగా బయటికి ఉరికొచ్చాయి. ఆ తర్వాత ఆయన గొర్లను ఆ కంప పక్క నుంచి తప్పించి తోలుకుపోయాడు.

ఆ సాలెపురుగు పేరు స్టెగోడైఫస్ సరసినోరమ్. సింహళంలో సరసిన్ అనే ఇద్దరు పరిశోధకులు సేకరించిన నమూనాలను చూసి కార్ష్ అనే శాస్త్రవేత్త 1892లో వాళ్ల పేరే దీనికి పెట్టాడు. సాలెపురుగులంటే ఒంటరి జీవులు, ఎదురుపడితే ఒకదాన్నొకటి తినేవే ఎక్కువ. ఇవి మాత్రం పదుల్లో, ఒక్కోసారి వందల్లో ఒకే గూట్లో బతుకుతాయి. పొద్దుగూకినాక కాసేపు ఓపికగా నిలబడితే వీటి పని చూడొచ్చు. వెనక కాళ్లకున్న సన్నటి దువ్వెనతో, మన కురుమోళ్లు బొచ్చు ఏకినట్టు, దారాన్ని నూగుగా ఏకుతాయి. అందులో జిగురనేదే ఉండదు, అయినా మిడత కాలు తగిలితే విడిపించుకోలేదు. ముందొచ్చింది కాలు పట్టుకుంటుంది, ఇంకోటి పొట్ట దగ్గర కరుస్తుంది, కాసేపట్లో ఆ మిడత చుట్టూ పంక్తి కుదురుతుంది. పిల్లలకు తల్లి తను తిన్నది కక్కి పెడుతుంది, చివరికి తన ఒంటినే వాటికి వదిలేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడి నుంచి కాలు కదలదు.

ఈ ఐకమత్యానికి అవి చెల్లించే మూల్యం కంటికి కనపడదు, డీఎన్ఏలో దాగి ఉంటుంది. పుట్టిన గూట్లోనే, తోబుట్టువుల మధ్యే జతకట్టడం వీటి పద్ధతి. పైగా ఆడవి మగవాటికంటే అనేక రెట్లు ఎక్కువ. కొత్త గూడు కావాలంటే కడుపుతో ఉన్న ఆడది పక్క కొమ్మకో పక్క చెట్టుకో పోయి మొదలుపెడుతుంది. మిగతా సాలెపురుగుల్లో చాలా జాతుల పిల్లలు దారం పోగు వదిలి గాలిలో తేలిపోతాయి. 1832లో బీగిల్ ఓడ మీద, ఒడ్డుకు ఎంతో దూరాన సముద్రంలో, అలా వచ్చి వాలిన సాలెపురుగులను డార్విన్ చూశాడు. అలా పోయేవాటి రక్తం దూరదూరాల్లో కలుస్తుంది. మన కంప మీదివాటికి ఆ కలయిక బహు అరుదు. అందుకే గెట్టుకు ఈ చివరా ఆ చివరా ఉన్న రెండు గూళ్లు తరచూ ఒకే అవ్వ సంతానం.

డెన్మార్క్‌లోని ఆర్హస్ యూనివర్సిటీ వాళ్లు ఈ జాతిని చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గరి గూళ్ల మీదా పనిచేశారు. 2014లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో ఒక విచిత్రం బయటపడింది. ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా స్పష్టంగానే ఉంది, కానీ ఆ తేడాకు లోతు లేదు. యుగాల తరబడి విడివిడిగా బతికిన వంశాలైతే మార్పులు పేరుకుని తేడా లోతుగా ఉండాలి. ఇక్కడ ఒక గూడు చీమల దాడికో నిప్పుకో గొడ్డలికో పోతుంది, ఆ జాగాలోకి ఇంకో గూటి సంతానం వస్తుంది. పాత వంశంతోపాటు దాని గుర్తులూ చెరిగిపోతాయి. వందల గూళ్లున్నా, వాటిలో మిగిలిన వంశాలు కొన్నే.

స్టెగోడైఫస్ ప్రజాతిలో ఇలాంటి ఉమ్మడి బతుకు మూడుసార్లు విడివిడిగా పుట్టింది. రెండు ఆఫ్రికాలో, మూడోది మనది. మూడూ వంశవృక్షంలో ఈమధ్య మొలిచిన చిన్న కొమ్మలే. మనదానికి దగ్గరి చుట్టం స్టెగోడైఫస్ పసిఫికస్, అది పెద్దయ్యాక ఒంటరిగా బతికి బయటి సంబంధం చేసుకునే రకం. ఉమ్మడి బతుకు మొదలుపెట్టిన వంశాలు ఎక్కువకాలం నిలవవనీ, కొత్త జాతులుగా చీలే లోపే రాలిపోతాయనీ చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కొద్దిగా చెడుపు చేసే మార్పులు పేరుకుంటూ పోతాయి, వాటిని ఏరేయడానికి వేరే రక్తం రాదు.

నల్లమలలో, నంద్యాల-గిద్దలూరు మధ్య, 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించిన గుత్తి నీలి సాలెపురుగు ఉంది. వంద చదరపు కిలోమీటర్లు కూడా లేని అడవిలో మిగిలింది కాబట్టి దాని గురించి అందరూ కంగారుపడతారు, పడాల్సిందే. కానీ గెట్టు గెట్టుకూ కనపడే మన కంప మీదిదాని గురించి ఎవరూ ఆలోచించరు. సంఖ్య చూసి ధీమాగా ఉండటం నాకు అన్యాయంగా తోస్తుంది.

నేను చేసేది చిన్న పని. ఏ ఊరు, ఏ చెట్టు, గూడు ఏ దిక్కున ఉంది, పక్క గూడు ఎంత దూరం, పోయిన ఏడు ఉన్నది ఈ ఏడు ఉందా అని రాసుకోవడం. నోటుబుక్కూ పెన్నూ చాలు. ఎవరైనా విద్యార్థులు డీఎన్ఏ కోసం నమూనాలు తీయాలనుకుంటే ఒకే మాట చెబుతాను: ఒక గూటి నుంచి పది తీయొద్దు, దూరదూరాన ఉన్న పది ఊళ్ల నుంచి ఒక్కోటి తీసి ఆల్కహాల్‌లో వేయండి. రైతులకు చెప్పేదీ ఇంతే. కంచెకు ఇనుప తీగ వేసుకోండి, సర్కారు తుమ్మను బొగ్గుకు నరుక్కోండి. గెట్లన్నీ ఒకే ఏడు నున్నగా చేయకుండా, అక్కడొకటి ఇక్కడొకటి పాత రేగు కంపను వదిలేయండి, ముఖ్యంగా ఊరికి రెండు కొసలా.