బిగువు దండకం

అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చిన యంత్రమా, నీకు దండం. ఫోమ్ పొరల మధ్య పడుకున్న అల్యూమినియం ప్రొఫైళ్లకు దండం. జిప్ కవర్లలో గలగలలాడే బోల్టులకు, నూనె మెరుపుతో చేతిలోంచి జారిపోయే పది మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలకు, ఇత్తడి నట్టుకు, దాని వెనకాల నక్కిన బుల్లి స్ప్రింగుకు, నాలుగేసి రంగుల తీగలు వేలాడే మోటార్లకు దండం. అచ్చు అలికేసినట్టున్న ఆ నాలుగు పేజీల కాగితానికి మాత్రం, ఏడో బొమ్మ నుంచి తొమ్మిదో బొమ్మకు దూకేసి ఎనిమిదోది ఏమైందో చెప్పని ఆ కాగితానికి, దూరం నుంచే ఒక నమస్కారం.

నిన్ను 3018 సీఎన్‌సీ రౌటర్ అంటారు. ముప్పై సెంటీమీటర్లు అటు, పద్ధెనిమిది ఇటు, నాలుగున్నర కిందికి: అంతే నీ రాజ్యం. అయినా నీ వంశం గొప్పది. హెలికాప్టర్ రెక్కల వంపుల్ని అంకెలతో పట్టుకోవాలని జాన్ పార్సన్స్‌కు పుట్టిన ఆలోచన, 1952 నాటికి అమెరికాలోని ఎంఐటీలో మిల్లింగ్ యంత్రమై కదిలింది. చిల్లుల టేపు చదువుకుంటూ, బీరువాలంత పెట్టెల్లో వాక్యూమ్ ట్యూబులు వెలిగించుకుంటూ లోహాన్ని కోసింది. ఆ బీరువాల పనిని ఇప్పుడు నీలో ఒక చిన్న చిప్పు చేస్తోంది. చాలా బోర్డుల్లో దాని జ్ఞాపకం 32 కిలోబైట్లు. ఫోనుకొచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టడం కష్టం. 2009లో నార్వేలో సిమెన్ స్కోగ్స్‌రుడ్ మొదలుపెట్టి, తర్వాత సంగున్ జియాన్ పెంచి, అందరికీ ఉచితంగా వదిలిన జీఆర్‌బీఎల్ ప్రోగ్రాం మాత్రం ఆ కాస్త చోటులోనే ఒదిగి మూడు దిక్కుల్నీ ఏలుతోంది.

అంకెలు నిన్ను ఏలడానికి ముందు చేతులు నిన్ను బిగించాలి. ఎంత? నీ సాధింపులన్నీ ఈ ఒక్క ప్రశ్నలోంచే పుడతాయి, నీ మందులన్నీ ఇందులోనే దొరుకుతాయి.

ప్రొఫైల్ గాడిలోకి జారవిడిచిన టీ-నట్టును చూడు. బోల్టుతో పాటు పావు చుట్టు తిరిగి గాడికి అడ్డంగా చిక్కుకోవలసింది. చిక్కుకోదు. బోల్టు తిరుగుతూనే ఉంటుంది, పట్టు దొరకదు. బోల్టును కాస్త వెనక్కి సడలించి, నట్టును గాడి పొడవునా సర్దనిచ్చి, అప్పుడు చటుక్కున ముందుకు తిప్పితే కదా దాని పొగరు అణిగేది! అడ్డం తిరిగితేనే శుభం జరిగే చోటు లోకంలో ఇదొక్కటేనేమో. పెట్టెలో తక్కువొచ్చిన ఎం5 బోల్టు కోసం రాణీగంజ్ వెళ్తే, కౌంటర్ వెనకాల మనిషి తల ఎత్తకుండానే “లెంతెంత సార్?” అంటాడు. ఇరవయ్యా, ఇరవై అయిదా తెలియకుండా వెళ్లినవాడు మళ్లీ ఇంటికెళ్లి కొలుచుకొని రావలసిందే.

చట్రం కట్టేటప్పుడు మొదటి మూలనే మణికట్టు బలమంతా పెట్టి బిగించేస్తే నాలుగో మూల కలవదు. అన్ని మూలల్నీ వేలితో తిప్పగలిగినంత మేరకే తగిలించి ఆగాలి. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టి, నాలుగు కాళ్లూ ఆనాయో లేదో చూసి, ఈ మూల నుంచి ఆ మూలకు ఒక కొలత, అడ్డంగా ఇంకో కొలత తియ్యాలి. పునాదికి ముగ్గు పోసే మేస్త్రీ తాడు లాగి చూసే లెక్కే ఇదీను. రెండు కర్ణాలూ సమానమైన క్షణాన మూలమట్టం అవసరం లేకుండానే మూలలు మట్టానికి వస్తాయి. అప్పుడు బిగువు: కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలల్లో, కొలుస్తూ.

ఇక నీ గుండెకాయ. రెండు నున్నని కడ్డీలు, వాటి మీద జారే నాలుగు బేరింగులు, వాటి మీద బల్ల, మధ్యలో లీడ్ స్క్రూ. అన్నీ బిగించాక బల్లను తోస్తే మధ్యలో హాయిగా జారుతుంది, చివరికి పోయేసరికి పట్టేస్తుంది. కొత్తవాళ్లు నూనె పోస్తారు. పోసినా పట్టేస్తుంది. ఇంకా బిగిస్తారు, ఇంకా పట్టేస్తుంది. ఆ మొరాయింపులో నువ్వు చెబుతున్నది ఒక్కటే: రెండు కడ్డీలూ ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా లేవు. మనిషి కంటికి ఆ తేడా ఆనదు, బేరింగుకు ఆనుతుంది. కాబట్టి అంతా సడలించాలి. లీడ్ స్క్రూ మీద నడిచే నట్టు దిమ్మను బల్ల నుంచి విప్పెయ్యాలి. బల్లను ఈ చివరికంటా తోసి, అక్కడ కడ్డీల మొనలు వాటికి నచ్చిన చోట కుదురుకున్నాక ఆ చివర బిగించాలి. ఆ చివరికి తోసి అక్కడ బిగించాలి. ఆఖరున బల్లను మోటారు పక్కకు తెచ్చి, నట్టు దిమ్మను ఉన్నచోటే, లాగకుండా, తోయకుండా, బల్లకు కలపాలి. అప్పుడు లీడ్ స్క్రూను రెండు వేళ్లతో తిప్పి చూడు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే బరువు, ఒకే మెత్తదనం. సమాంతరాన్ని మనం పెట్టలేదు, బల్లే వెతుక్కుంది. దానికి దారి వదిలి, అది దొరికాక బిగించడమే చేతులు చేసింది. ఓ వదులూ, బిగువుకు ముందొచ్చే వదులూ, నీకు వేరే దండం.

స్ప్రింగుకూ ఇదే ధర్మం. జంట నట్ల మధ్య కూర్చుని వాటిని ఎడంగా నెట్టడం దాని ఉద్యోగం. అది అలసత్వం చూపితే ప్లే పుడుతుంది: దిశ మారినప్పుడు స్క్రూ తిరుగుతుంది, బల్ల ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ ఆలోచనే నువ్వు చెక్కిన వలయానికి నాలుగు చోట్ల చిన్న చదునై కనిపిస్తుంది. మరీ నొక్కేస్తే మోటారు మొయ్యలేక అడుగులు మింగుతుంది. చక్రాల మీద నడిచే కిట్లలో ఎక్సెంట్రిక్ నట్టు పాట్లూ ఇవే: చక్రాన్ని వేలితో పట్టి ఆపగలగాలి, అయినా ఆ చక్రాల మీది గ్యాంట్రీ అటూ ఇటూ ఊగకూడదు. మోటారును లీడ్ స్క్రూకు కలిపే కప్లింగ్‌లోని గ్రబ్ స్క్రూ మాత్రం నిర్మొహమాటంగా బిగించాల్సిందే, షాఫ్ట్ మీద చదును చెక్కి ఉంటే సరిగ్గా దాని మీదనే. నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క చాలు. ఎర్రది వేస్తే రేపు విప్పేటప్పుడు వేడి చెయ్యక తప్పదు.

మోటారు గుర్రుమంటూ వణుకుతుంది, తిరగదు. తీగల జతలు కలగాపులగమయ్యాయి. బోర్డు నుంచి దాన్ని ఊడదీసి ఏ రెండు తీగల కొసలైనా తాకించి షాఫ్ట్ తిప్పు. బరువెక్కిందా, అవి ఒకే చుట్టవి. మీటరు కూడా అక్కర్లేదు. ఇంకొక్క మాట, ఇది ప్రార్థన కాదు, హెచ్చరిక: కరెంటు ఉండగా మోటారు తీగ ఊడదీస్తే డ్రైవర్ చిప్పు కాలిపోవచ్చు.

చెక్కమన్న “శ్రీ” అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి వస్తే కోప్పడకు, ఏదో ఒక దిక్కు తలకిందులైంది. వై దిక్కు ఒక్కటే అయితే జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో డాలర్ గుర్తు పక్కన 3 వేసి, సమానం 2 అని రాస్తే చాలు, అక్షరం మనవైపు తిరుగుతుంది. దూరాలు 100, 101, 102 నంబర్ల దగ్గర ఉంటాయి. మోటారు చుట్టుకు 200 అడుగులు, అడుగుకు 16 ముక్కలు, చుట్టుకు స్క్రూ జరిపేది 4 మిల్లీమీటర్లు. భాగిస్తే మిల్లీమీటరుకు 800. యాభై అడిగితే వంద జరిగిందంటే నీకు తగిలిన స్క్రూ చుట్టుకు 8 జరిపే రకం, 400 అని రాయాలి. యాభైకి నలభై తొమ్మిదిన్నర వస్తే మాత్రం తొందరపడి అంకె మార్చేవాళ్లంటే నాకు చిరాకు. వదులైన గ్రబ్ స్క్రూను అంకెతో కప్పెట్టడమది. ముందు ఎలన్ కీ, తర్వాతే కీబోర్డు.

అర్ధరాత్రి సగం బొమ్మలో యూఎస్‌బీ తెగిపోతే బిట్టును తిప్పే స్పిండిల్‌ను అనుమానించు. దాని బ్రష్‌ల దగ్గర రేగే నిప్పురవ్వలు తీగల్లోకి గోల పంపిస్తాయి. స్పిండిల్ తీగల్ని లిమిట్ స్విచ్ తీగలకు ఎడంగా నడిపి, కేబుల్‌కు ఫెర్రైట్ తొడిగితే చాలావరకు సద్దుమణుగుతుంది. అదీ కాకపోతే ల్యాప్‌టాప్ నిద్రపోయి ఉంటుంది. అది కునుకు తీస్తే బిట్టు ఒకేచోట తిరుగుతూ చెక్కను కమురబెడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే నేను మెచ్చుకునే ఘట్టం. బల్ల మీద ఎండీఎఫ్ పలక పరిచి, కొల్లెట్‌లో వంచిన తీగను బిగించి, స్పిండిల్‌ను చేత్తో తిప్పుతూ ఆ తీగ కొస నాలుగు వైపులా ఒకేలా తాకుతోందా చూడాలి. తేడా ఉన్న వైపు కూల్‌డ్రింక్ డబ్బాలోంచి కత్తిరించిన రేకు ముక్క దూర్చాలి. తర్వాత మూతికి గుడ్డ, కళ్లకు అద్దాలు పెట్టుకొని, వెడల్పాటి బిట్టుతో ఆ పలకను అర మిల్లీమీటరు లోతున మొత్తం గీకించాలి. స్పిండిల్ ఇంకా ఒరిగి ఉంటే గోటికి వరసవరసగా గట్లు తగులుతాయి; నిటారుగా ఉంటే గోరు జారిపోతుంది. రసమట్టం పెడితే బుడగ మధ్యన నిలవకపోవచ్చు. నిలవకపోనీ! భూమి మట్టంతో నీకేం పని? నీ నేలను నీ కత్తితోనే చదును చేసుకున్నావు, నీ కదలికకు సమాంతరంగా. దుకాణంలో కొన్న ఏ పలకా నీకు ఇంత సరిపోదు. బాలానగర్ షెడ్లలో దసరాకు లేత్‌లకు పసుపు పూసి బొట్లు పెడతారు. నాకైతే ఈ గీకుడు పొడి నీ మీద పడ్డరోజే నీకు ఆయుధపూజ.

ఇక పాడు. వలయం చెక్కేటప్పుడు ఎక్స్ మోటారు స్వరం పైకెక్కుతుంటే వై మోటారుది దిగుతుంది. ఇది ఆగిన చోట అది తారస్థాయికి చేరుతుంది. అడుగుల వేగమే నీ శ్రుతి.

ఫలశ్రుతి. ఈ దండకమును కిట్టు విప్పుటకు ముందు చదివినవారికి టీ-నట్లు మొదటి తిప్పుకే అడ్డము తిరుగును. కడ్డీలు సమాంతరములగును. గ్రబ్ స్క్రూలు వదులు కావు. ల్యాప్‌టాప్ నిద్రపోదు, కింది ఫ్లాటువారు నిద్రపోవుదురు. అంతా బిగించిన పిమ్మట బల్ల మీద మిగిలిపోయిన రెండు బోల్టులు ఎక్కడివో కూడా తెలియును.