గిరీశం పాఠం, విదురుడి జాబితా: మత్తును బోధించడంలో తెలుగు సాహిత్యం

మత్తుపదార్థాల గురించి విద్యార్థికి ఏదో ఒకటి చెప్పక తప్పని స్థితికి నేటి కళాశాలలు చేరుకున్నాయి. 2020లో కేంద్రం ప్రారంభించిన నషాముక్త భారత్ అభియాన్, 2024లో రాష్ట్రప్రభుత్వం ఏర్పాటు చేసిన ఈగల్ విభాగం ఈ అవసరాన్ని మరింత ముందుకు తెచ్చాయి. ప్రతిజ్ఞ, ర్యాలీ, వక్తృత్వపు పోటీ జరుగుతాయి. వీటిలో తెలుగు శాఖకు దక్కేది సాధారణంగా నినాదాలు రాసిపెట్టే పని. మత్తును అధ్యయన విషయంగా బోధించడానికి కావలసిన సామగ్రి మన సాహిత్య పాఠ్యక్రమంలోనే ఉందని, ఆ సామగ్రి నినాదం కంటే కఠినమైన ప్రశ్నలు వేస్తుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆధునిక తెలుగు సాహిత్యంలో మత్తును గురించిన ప్రసిద్ధ పాఠం చెప్పిన ఉపాధ్యాయుడు గిరీశం. ‘కన్యాశుల్కం’లో వెంకటేశం తన గురువు వల్ల అబ్బిన విద్య చుట్ట కాల్చడమొక్కటే అని నిష్ఠూరమాడతాడు. ఈ మాటను హాస్యంగా తీసుకుని దాటిపోవడం పరిపాటి. కానీ అలవాటు ఎలా సంక్రమిస్తుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పిన ఘట్టం అరుదు. గిరీశం చుట్టను రుచి కోసం అమ్మడు; ప్రతిష్ఠ కోసం అమ్ముతాడు. అమృతపు చుక్క నేలరాలి పొగాకు మొక్క అయిందనే చాటుపద్యాన్ని పురాణప్రమాణంగా చెలామణి చేస్తాడు. ఇంగ్లీషు చదువు ఠీవి ఒక చేత్తో, శాస్త్రప్రమాణం మరో చేత్తో పట్టుకున్న ఆ వాదన నిర్మాణాన్ని విద్యార్థి చేత విప్పించగలిగితే, ఇవాళ్టి గుట్కా ప్రకటనను అతడు తనంతట తానే విప్పుకోగలడు. పద్యాన్ని కంఠస్థం చేయించి మార్కులు వేసే మన పద్ధతి మాత్రం, పాపం, గిరీశానికే లాభిస్తోంది.

1909 నాటి మలికూర్పులోని సారాదుకాణం సన్నివేశం మరో అడుగు ముందుకు వేస్తుంది. అక్కడ బైరాగి వేదాంతం చెబుతుంటాడు. హెడ్డు కనిస్టీబు కూడా తాగేవాళ్ల పంక్తిలోనే ఉంటాడు. శాసనాన్ని అమలు చేయవలసినవాడు, మోక్షాన్ని చూపవలసినవాడు దుకాణదారు ముందు సమానులవుతారు. దీనిని ఉద్యోగుల అవినీతిపై వ్యంగ్యంగా మాత్రమే చదివితే సగమే చదివినట్లు. విధానాన్ని రూపొందించే వ్యవస్థ మత్తుకు వెలుపల నిలబడి లేదన్నది గురజాడ పరిశీలన. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే మద్యం దుకాణదారు అయింది. 2024లో ఆ వ్యాపారం మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లింది. ఆ సన్నివేశాన్ని ఈ రెండు తేదీల పక్కన పెట్టి చదివించవచ్చు.

పలాస, పూండి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల విద్యార్థికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. అది అడ్డపొగ. నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకుని చుట్ట కాల్చే ఈ అలవాటు ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో, ప్రధానంగా పెద్దవయసు స్త్రీలలో కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించిన డెన్మార్క్, భారతీయ పరిశోధకుల అధ్యయనం 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వెలువడింది. ప్రపంచ వైద్యసాహిత్యానికి ఈ జిల్లా అలా పరిచయమైంది. మన ‘మాదకద్రవ్య అవగాహన’ సదస్సులో మాత్రం ఈ అవ్వలకు చోటు లేదు. పొగాకు చట్టబద్ధం కాబట్టి అది మాదకద్రవ్యం కాదు. అవ్వది ‘అలవాటు’, గంజాయి పొట్లంతో పట్టుబడిన కుర్రవాడిది ‘వ్యసనం’. ఈ భేదం దేహానికి కలిగే హానిని బట్టి వచ్చింది కాదు, శాసనాన్ని బట్టి వచ్చింది. పదాల మధ్య ఇటువంటి గీతలు ఎవరు గీశారో విచారించడం భాషాధ్యయనం చేసేవారి పని.

‘వ్యసనం’ అనే పదం చరిత్రే ఇక్కడ అత్యంత విలువైన ఆధారం. అర్థశాస్త్రంలో మద్యపానం, జూదం, వేట, స్త్రీలోలత్వం కామజ వ్యసనాలు. వాక్పారుష్యం, అర్థదూషణం, దండపారుష్యం కోపజ వ్యసనాలు. తిక్కన ఉద్యోగపర్వంలో విదురుడు ఈ ఏడింటినీ చెప్పేది ధృతరాష్ట్రుడికి. అంటే సప్తవ్యసనాలు మొదట పాలితుల దోషాలుగా కాక పాలకుడి దోషాలుగా లెక్కకెక్కాయి. అంతకంటే ముఖ్యం, తాగుడు, మితిమీరిన శిక్ష ఒకే జాబితాలో ఉన్నాయి. నేటి ప్రచారంలో మొదటిది మిగిలింది, రెండోది జారిపోయింది. ప్రాచీన రాజనీతిని ఆధునిక సంస్కరణవాదంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. ఆ గ్రంథాల శిక్షాస్మృతి మెత్తనిదేమీ కాదు. అయినా దండించేవాడి ఉద్రేకాన్ని కూడా రోగంగా గుర్తించిన ఆ దృష్టి మన తరగతి గదికి అవసరం.

ఆ దృష్టితో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని చదివితే దాని అంతర్గత ఘర్షణ బోధపడుతుంది. 2001 సవరణ శిక్షను పరిమాణంతో ముడిపెట్టింది. గంజాయి విషయంలో కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. రెండోదానికి కనీసం పదేళ్ల కారాగారం. అదే చట్టంలోని 64ఎ సెక్షన్, చిన్న పరిమాణానికి సంబంధించిన నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. గోడపత్రిక మీద పదేళ్ల శిక్ష పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సహాయం అవసరమైన విద్యార్థి చదవవలసింది రెండో భాగం.

సాహిత్యం, నీతి, చట్టం కలిపి బోధిస్తే ప్రయోజనమేమిటని అడిగేవారికి నెల్లూరు ఉంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమ వాచకాల్లో సారా వల్ల చితికిన సంసారాల కథలు పాఠాలయ్యాయి. దూబగుంట స్త్రీలు ఆ పాఠాన్ని తమ ఊరి సారాకొట్టు దగ్గరకు తీసుకువెళ్లారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ వాచకం భయపెట్టి విజయం సాధించలేదు. చదువరికి తన సంసారపు లెక్క తనకే కనిపించేలా చేసింది. అయితే 1997లో నిషేధాన్ని చాలావరకు సడలించారు. ఖజానా రాబడి అందుకు ఒక ప్రధాన కారణం. ఉద్యమ సాహిత్యంపై మన పరిశోధనలు ఎక్కువగా 1995 దగ్గర ఆగిపోతున్నాయి. పాఠ్యాంశంగా పెడితే 1992ను, 1997ను కలిపే పెట్టాలి. ఆ రెండో సంవత్సరం దగ్గర విద్యార్థి చేతికి మళ్లీ విదురుడి జాబితా ఇచ్చి, ఏడింటిలో ఏది ఎవరికి వర్తిస్తుందో గుర్తించమనాలి.