బసవన్న మెడలో గంటలు

చిలమత్తూరు పిల్లలకు కన్నడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటకలోని బాగేపల్లి. మేనత్త ఊరికని పోతారు, అక్కడి పిల్లలతో ఆడతారు, కొట్లాడతారు. రెండు సెలవులు తిరిగేసరికి మాట వచ్చేస్తుంది. ఆ పిల్లలే ఇంగ్లీషు పీరియడ్‌లో లేచి నిలబడితే గొంతు పెగలదు. ఇన్నేళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఈ తేడా నాకు ఆలస్యంగా కనబడింది.

ఒకసారి ఆరో తరగతి పాప ఒకతె తనంతట తానే లేచి, 'యెస్టర్‌డే ఐ గోయెడ్ టు సంత' అంది. 'గోయెడ్ కాదు, వెంట్' అన్నాను. కూర్చుంది. ఆ ఏడాది మళ్లీ లేవలేదు. సంతలో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు.

మనకు దగ్గరి బెంగళూరులోనే ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు, కూర్చోబెట్టి నేర్పకుండా భాష ఎలా వస్తుందన్న దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 1979 నుంచి 1984 దాకా దక్షిణాది మామూలు బడుల్లో వ్యాకరణ పాఠాల వరసను పక్కనపెట్టి, పిల్లల ముందు రైళ్ల టైంటేబుళ్లు, మ్యాపులు పెట్టారు. మనసు లెక్క తేల్చడం మీద ఉంటే భాష దాని వెంట వస్తుందని ఆయన నమ్మకం. మాట్లాడమని తొందరపెట్టలేదు. ముందు అర్థం కానిచ్చారు. పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టడం మాత్రం ఆయనకు అంత ఇష్టం లేదు, ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుతాయని. అక్కడ నేను ఆయన మాట వినలేకపోయాను. నలభైమంది పిల్లలు, నలభై నిమిషాలు. ఒక్కొక్కరినే లేపితే మనిషికి నిమిషం. జంటలు చేస్తే అందరి నోళ్లూ ఆడతాయి.

2023లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లోకి టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష శిక్షణ వచ్చింది. దాని ఆడియోతో పిల్లల చెవి పదునెక్కిన మాట నిజమే, కానీ బిడ్డ తడబడుతుంటే ఆడియో ఆగదు కదా. ఆగాల్సింది పంతులే. ప్రశ్న అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టుకుంటాను. మొదట్లో ఆ మౌనం భరించడం చాలా కష్టమయ్యేది.

నాకు బాగా పనికొచ్చిన పని ఒకటుంది. ఒకరి చేతిలో లేపాక్షి బసవన్న ఫొటో, ఇంకొకరి చేతిలో తెల్ల కాగితం. ఫొటో చూపించకూడదు, ఇంగ్లీషులోనే చెప్పాలి, రెండోవాళ్లు గీయాలి. ఇరవై ఏడడుగుల ఏకశిల బసవన్నను అందరూ చూసినవాళ్లే. అయినా తల ఎటు తిరిగిందో, కాళ్లు ఎలా మడిచిందో అడక్క తప్పదు. మాట దొరకకపోతే తెలుగులో ఒక్క ముక్క అననిస్తాను. తప్పులు నోటుబుక్కులో రాసుకుంటాను. చివరి అయిదు నిమిషాల్లో, ఎవరి పేరూ ఎత్తకుండా, రెండు మూడు మాత్రం బోర్డు మీద దిద్దుతాను.

మొన్న వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు పెన్సిల్ ఆపి అడిగాడు:

'నెక్ లో హౌ మెనీ బెల్?'

అవతలివాడు ఫొటో కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

'వెయిట్ రా. ఐ కౌంటింగ్.'