అతుకుల పడవకు అంజలి

గాలినే ఎముకలు చేసుకుని గోదారి మీదికి వెళ్లేదానా, రబ్బరు పడవా, వరద తీశాక నిన్ను కడిగే చేతులకు ముందు దండం పెడతాను. ఆ తర్వాతే నీకు.

నీ ఒంటి మీది బురద ఒక్క ఊరిది కాదు. ప్రాణహిత, ఇంద్రావతి, తాలిపేరు దారిపొడవునా కోసుకొచ్చిన ఒండ్రు అది. అందులో చూరుగడ్డి ఉంది, పత్తి ఆకు ఉంది, ఎవరింటి గుమ్మం పసుపో కూడా ఉండే ఉంటుంది. దాన్ని ఎండి గట్టిపడనివ్వకూడదు. మంచినీళ్లు, మెత్తటి గుడ్డ, కాస్త సబ్బునురుగు చాలు. పెట్రోలూ వద్దు, కిరోసినూ వద్దు, ఇనుప పీచు అసలే వద్దు. ట్యూబూ అడుగూ కలిసే మూలలో వేళ్లు పెట్టి ఇసుక తీయాలి. అక్కడ మిగిలిన ఇసుక, లోపల అడుగు పడిన ప్రతిసారీ నీ చర్మాన్ని అరగదీస్తుంది. వాల్వు గాడిలో ఒక్క రేణువు ఇరుక్కున్నా రాత్రికి రాత్రి నీ ఊపిరి జారిపోతుంది.

కడిగాక నీ గాయాలు బయటపడతాయి. గాలి నింపి సబ్బునీళ్లు పూస్తే, నొప్పి ఎక్కడో నువ్వే చెబుతావు. సన్నని బుడగ లేస్తుంది, పగులుతుంది, మళ్లీ అక్కడే లేస్తుంది. అది మునిగిన చేను కంచెకున్న ముళ్లతీగ గీరిన చోటు కావచ్చు, వెదురు మోడు గుచ్చుకున్న చోటు కావచ్చు, పగిలిన పెంకు తగిలిన చోటు కావచ్చు. ఇళ్లకు ఎంత దగ్గరగా వెళితే నీకు అన్ని గీతలు. అందుకే నీ ప్రతి అతుకూ నాకు ఒక గడప గుర్తులా కనిపిస్తుంది.

అతుకు వేయడం ఆదరాబాదరా పని కాదు. ముందు నీ చర్మం పీవీసీయో, హైపలానో తెలుసుకోవాలి. ఒకదాని జిగురు రెండోదానికి పట్టదు. గాలంతా తీసేసి, గాయానికి అన్నివైపులా రెండంగుళాలు ఎక్కువ ఉండేలా ముక్క కత్తిరించాలి. గుండ్రంగానే కత్తిరించాలి, మూలలుంటే అక్కణ్ణుంచే లేచిపోతుంది. గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, రెండు వైపులా పలచగా జిగురు పూసి ఆరనివ్వాలి. మళ్లీ పూయాలి, మళ్లీ ఆగాలి. నడిమి నుంచి అంచులకు నొక్కుకుంటూ పోవాలి, లోపల చిటికెడు గాలి కూడా మిగలకూడదు. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకూడదు. తేమకు జిగురు పట్టు తప్పుతుంది. అతికాక 24 గంటలు నీకు గాలి కొట్టకూడదు. ఆ ఓర్పు గలవాడే నీకు వైద్యుడు.

నిన్ను చేసినవాళ్ల ముందుచూపుకూ మొక్కాలి. నీ ఊపిరిని ఒకే గదిలో పెట్టలేదు, గదులుగా పంచారు. ఒకటి చిరిగినా మిగతావి పసిబిడ్డనూ ముసలమ్మనూ నీళ్లలో పడనివ్వవు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకు లేచింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది, ఆ వరదలో వంతెన మీద రాకపోకలే ఆపేశారు. 43 దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. ఈ అంకెలు ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. ఖమ్మంలో 2024 సెప్టెంబరు 1న మున్నేరు పోటెత్తినప్పుడు ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిదిమందిని చివరికి ఒక జేసీబీ ఒడ్డుకు చేర్చింది. ఆ డ్రైవరు తెగువకు చేతులెత్తి మొక్కుతాను. కానీ మనుషుల ప్రాణాలు ప్రతిసారీ ఒక్కడి తెగువ మీదే వేలాడకూడదు.

అందుకే నీడలో ఆరబెట్టి, మడతల్లో పౌడరు చల్లి, ఎలుకలు చేరని గదిలో ఎత్తున పెట్టాలి నిన్ను. ఎండలు ముదిరాక ఒకసారి విప్పి, గాలి నింపి, రాత్రంతా ఉంచి చూడాలి. తెల్లవారి చలికి నువ్వు కాస్త మెత్తబడితే కంగారు పడనక్కర్లేదు, పొద్దెక్కితే బిగుస్తావు. పొద్దెక్కినా బిగియకపోతే మళ్లీ సబ్బునీళ్లు తేవాలి. ఆపైన పంపుతో, అదనపు వాల్వుతో, కొత్త జిగురు డబ్బాతో సహా నిన్ను చర్లకూ దుమ్ముగూడేనికీ బూర్గంపాడుకూ జూన్‌లోనే పంపాలి. 43 అడుగుల హెచ్చరిక వినబడ్డాక కాదు.